దెబ్బతిన్న విద్యుత్ కారును ఎక్కడ ఉంచాలి: రావులపాలెం దగ్గరి ఒక రికవరీ యార్డు సేవపై సమీక్ష

రావులపాలేనికి కొద్ది దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని, ప్రమాదాల్లో దెబ్బతిన్న విద్యుత్ వాహనాలను తరలించి, కొన్నాళ్ళు విడిగా ఉంచి, బ్యాటరీని పరీక్షించిన తరవాతే షోరూముకో బీమా వారికో అప్పగించే యార్డు ఒకటి నడుస్తోంది. మా మేనల్లుడి కారు పాలకొల్లు ఎగువన గట్టు రోడ్డు మీద నుంచి నరసాపురం కాలువలోకి జారిపోయినప్పుడు వీరి సేవ అందుకున్నాము. ఆ తరవాత తెలిసినవారి స్కూటర్ల పని మీద కూడా అక్కడికి వెళ్ళాను. విద్యుత్ పంపిణీ సంస్థలో లైన్ల పని చేయించి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఇటువంటి చోట నా చూపు ముందుగా చేతి తొడుగుల మీదికీ మీటర్ల మీదికీ పోతుంది. కారు విషయంలో వీరి పని చాలా పద్ధతిగా ఉంది. స్కూటర్లు, ఈ-ఆటోల బ్యాటరీల విషయంలో మాత్రం వీరి పద్ధతి నాకు నచ్చలేదు సరికదా, భయం కలిగించింది. లోపాలు కూడా రాస్తున్నందువల్ల యార్డు పేరు చెప్పడం లేదు.

లైను మీద పని చేయాలంటే మాకు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ కాగితం, కావాలి. సబ్‌స్టేషనులో బ్రేకరు తీసి, ఫీడరులో సరఫరా లేదని రాసి ఇస్తే, ఇవతల మేము ఎర్తు వేసుకుని స్తంభం ఎక్కుతాము. విద్యుత్ కారులో ఆ సదుపాయం సగమే ఉంటుంది. సర్వీస్ ప్లగ్గు లాగేస్తే బ్యాటరీ ప్యాక్ నుంచి మోటారుకూ ఏసీకీ వెళ్ళే నారింజ రంగు కేబుళ్ళకు సరఫరా ఆగుతుంది. ప్యాక్ లోపలి సెల్లులు మాత్రం చార్జితో అలాగే ఉంటాయి, వాటికి ఎల్‌సీ ఇచ్చే బ్రేకరు ఎక్కడా లేదు. దెబ్బ తగిలి ఒక సెల్లు లోపలి పొర చిరిగితే, అది వేడెక్కి పక్కదాన్ని వేడెక్కించి, వరసగా అన్నీ అంటుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. 2018 మార్చి 23న కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ప్రమాదానికి గురై కాలిన టెస్లా కారు, మంటలు ఆర్పి యార్డుకు చేర్చిన తరవాత, ఐదో రోజున అక్కడే మళ్ళీ అంటుకుంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు ఇటువంటి ప్రమాదాలను పరిశీలించి 2020లో వెలువరించిన నివేదికలో, దెబ్బతిన్న బ్యాటరీలో మిగిలిపోయిన శక్తి అగ్నిమాపక సిబ్బందికే కాక ఆ తరవాత బండిని ఎత్తి తరలించేవారికి కూడా ప్రమాదమని స్పష్టంగా చెప్పింది. అందుకే ఎంత తొందరగా వచ్చారన్న దానికంటే, తెచ్చిన బండిని ఎక్కడ, ఎంతకాలం, ఎవరి కాపలాలో ఉంచారన్నదాన్నే నేను ఈ సమీక్షలో ఎక్కువగా పట్టించుకుంటున్నాను.

ఫోను చేసినప్పటి నుంచే వీరి పద్ధతి తెలిసింది. కారు ఎక్కడుందని అడిగిన వెంటనే, లోపల ఎవరైనా ఉండిపోయారా, 101కి గాని 112కి గాని చెప్పారా అని అడిగారు. మేనల్లుడు అప్పటికే బయటపడ్డాడని చెప్పాకే మిగతా ప్రశ్నలు వేశారు. కారు అడుగుభాగం రాతికి గాని లాకు గోడకు గాని తగిలిందా, పొగ వస్తోందా, బుసకొట్టినట్టు చప్పుడు వినిపిస్తోందా, తియ్యటి రసాయనపు వాసన ఏమైనా తగులుతోందా, మునిగినది కాలువ నీళ్ళలోనా ఉప్పునీళ్ళలోనా అని వరసగా అడిగి రాసుకున్నారు. తాళం మా వాడి జేబులోనే ఉందని తెలిసి, "బాబుగారూ, ఆ తాళం ఎవరికైనా ఇచ్చి దూరంగా పంపించేయండి, కారు దగ్గర ఉంచకండి" అన్నారు. ఈ కార్లు ఆన్‌లో ఉన్నా చప్పుడు చేయవు. తాళం దగ్గరలో ఉంటే, ఆగిపోయిందనుకున్న కారు ఎవరి చెయ్యో తగిలి కదిలే అవకాశం ఉంటుంది. జనాన్ని కనీసం యాభై అడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు నిలబెట్టమన్నారు. ఆ దూరం పాటించడం మాత్రం మాకు చేతకాలేదు. పాలకొల్లు రోడ్డు మీద కారు కాలువలో పడిందంటే రెండు ఊళ్ళ జనం గట్టు మీదికి చేరతారు, వారిలో సగం మంది మోకులు పట్టుకుని సాయానికి వచ్చినవారే.

ఆ జనంలో చాలామంది కాలువ నీళ్ళకు కరెంటు పాకిందేమోనని భయపడ్డారు. ఈ భయాన్ని తీర్చవలసిన అవసరం ఉంది, ఎందుకంటే లోపల మనిషి ఉండిపోతే ఈ భయమే వాడి ప్రాణం తీస్తుంది. విద్యుత్ కారులోని హై వోల్టేజి వ్యవస్థను మన లైన్ల మాదిరిగా ఎర్తుకు కలపరు. ప్లస్సు, మైనస్సు రెండూ బాడీకి సంబంధం లేకుండా విడిగా ఉంటాయి. కాబట్టి కారు మునిగినంత మాత్రాన చుట్టూ ఉన్న నీళ్ళు షాకు కొట్టవు. తలుపు తీసి మనిషిని లాగడానికి వెనుకాడనక్కరలేదు. ముట్టుకోకూడనివి తెగిన నారింజ కేబుళ్ళు, చిరిగిపోయి సెల్లులు కనిపిస్తున్న ప్యాక్ మాత్రమే.

యార్డు వారు ఇద్దరు కుర్రాళ్ళను, ఒక పెద్దాయనను, ఫ్లాట్‌బెడ్ బండిని పంపించారు. కారును పైకి తీసిన పొక్లెయిను స్థానికులదే. బకెట్టు పళ్ళు కారు అడుగున పెట్టి ఎత్తబోతుంటే పెద్దాయన కేకేసి ఆపి, బెల్టులు చక్రాల దగ్గర మాత్రమే పడేలా దగ్గరుండి కట్టించారు. ప్యాక్ ఉండేది సరిగ్గా ఆ అడుగుభాగంలోనే. గట్టెక్కాక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు పన్నెండు వోల్టుల బ్యాటరీ విప్పి, ఆ తరవాత సర్వీస్ ప్లగ్గు తీశారు. తీసిన ప్లగ్గును కారులో వదిలేయకుండా పెద్దాయన తన సంచీలో వేసుకున్నారు. ఎల్‌సీ కాగితాన్ని జేబులో పెట్టుకుని స్తంభమెక్కే లైన్‌మాన్ అలవాటే ఆయనలో కనిపించింది. ప్లగ్గు తీసిన వెంటనే ఏ కేబులు మీదా చెయ్యి వేయలేదు. ఇన్వర్టరులో చార్జిని పట్టి ఉంచే కెపాసిటర్లు ఖాళీ కావడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుందని తయారీదారులు చెబుతారు, వీరు పది నిమిషాలూ ఆగారు. కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్న మా వాళ్ళకు ఆ పది నిమిషాలు వృథాగా అనిపించాయి గాని, నాకు అక్కడే వీరి మీద నమ్మకం కలిగింది.

చేతి తొడుగుల సంగతి విడిగా చెప్పాలి. వీరు వాడేవి క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు, ఏసీలో 1000 వోల్టుల వరకు పనికివస్తాయి. మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువ వాటి ప్యాక్ 300 నుంచి 400 వోల్టుల మధ్య ఉంటుంది గనుక ఆ తరగతి సరిపోతుంది. కుర్రాడు గ్లౌజు తొడుక్కునే ముందు మణికట్టు అంచు నుంచి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వచ్చి, లోపలి గాలి వేళ్ళలోకి చేరి అవి ఉబ్బాక, వాటిని చెంప దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడైనా కారుతోందేమో చూసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య సందులో రబ్బరును వెలుతురుకు చాచి చీలికలు లేవని చూశాడు. పైన తోలు గ్లౌజు తొడిగాడు. మా శాఖలో ఎన్నిసార్లు చెప్పినా చేయని మనుషుల్ని చూసినవాడిని, ఎవరూ చెప్పకుండానే ఆ కుర్రాడు అలా చేయడం నాకెంతో సంతోషం కలిగించింది. గ్లౌజు మీద పరీక్ష తేదీ ముద్ర కూడా ఉంది, ఆరు నెలలు దాటలేదు.

థర్మల్ కెమెరాతో అడుగుభాగాన్ని చూసి, కొలత రాసుకుని, కొంతసేపటికి మళ్ళీ చూసి పోల్చుకున్నారు. ఆ కెమెరా ప్యాక్ పెట్టె బయటి వైపు వేడినే చూపిస్తుంది, లోపల ఒక మూలన ఉన్న సెల్లు వేడెక్కడం మొదలైతే బయటికి తెలియడానికి సమయం పడుతుందని పెద్దాయనే చెప్పారు. తమ పరికరం చూపలేనిదేమిటో కూడా తెలిసిన మనిషి చేతిలో అది ఉండటం మంచి సంగతి. కారును నాలుగు చక్రాలూ పైన ఉండేలా ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకువెళ్ళారు. ముందు చక్రాలో వెనక చక్రాలో నేల మీద దొర్లుతుంటే మోటారు జనరేటరులా పనిచేసి కరెంటు పుట్టిస్తుంది గనుక వీటిని కొక్కెం తగిలించి లాక్కుపోకూడదు. మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం మీదుగా వెళ్ళేటప్పుడు ఇరుకైన సెంటర్లలో ఆపకుండా, మధ్యలో ఒకసారి ఖాళీ చోట ఆపి మళ్ళీ వేడి చూసుకున్నారు.

యార్డులో దెబ్బతిన్న కారుకు కేటాయించిన చోటు బాగుంది. అమెరికాలో మార్గదర్శకాలు ఇటువంటి బండిని అన్ని వైపులా 50 అడుగుల ఖాళీ వదిలి ఉంచమంటాయి, లేదా అడ్డుగోడల మధ్య ఉంచమంటాయి. అన్ని వైపులా అంత వదిలితే ఒక్క కారుకే సుమారు 27 సెంట్ల నేల కావాలి. రహదారి పక్కన నేల ఖరీదు తెలిసినవారికి అది ఎంత బరువో చెప్పనక్కరలేదు. అందుచేత వీరు మూడు వైపులా కాంక్రీటు గోడలు కట్టి, నాలుగో వైపు వదిలేసి, పైన కప్పు లేకుండా గదుల్లాంటివి కట్టారు. కప్పు లేకపోవడం ముఖ్యం, ఎందుకంటే సెల్లులు వేడెక్కినప్పుడు వచ్చే పొగలో హైడ్రోజను, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ ఫ్లోరైడు ఉంటాయి, మూసిన చోట అవి పోగైతే పేలుడు జరుగుతుంది. ప్రతి గదికీ ఒక అట్ట వేలాడదీసి ఉంది, దాని మీద గంట గంటకూ వేడి, రోజుకొకసారి ఇన్సులేషన్ కొలత, అంటే ప్యాక్ నుంచి బాడీకి కరెంటు కారకుండా ఎంత నిరోధం ఉందన్నది, రాస్తున్నారు. డీసీ వైపు వోల్టుకు కనీసం 100 ఓములు ఉండాలన్న ప్రమాణం ప్రకారం మా కారుకు కొలత మొదట తక్కువగా వచ్చి, ప్యాక్ లోపలి తడి ఆరుతున్న కొద్దీ పెరిగిన సంగతి ఆ అట్ట మీద అంకెల్లో కనిపించింది. ఇలా రాతలో ఉంచే అలవాటు ఇక్కడ చూసి నిజంగా గౌరవం కలిగింది.

ఉప్పునీటి బండ్లకు ఇంకా దూరంగా వేరే వరస ఉంది. డెల్టాలో ఇది చాలా ఆలోచించి చేసిన ఏర్పాటు. కాలువ నీళ్ళలో పడ్డ కారు, భీమవరం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులోనో ఉప్పుటేరులోనో పడ్డ కారు ఒకటి కావు. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది. అది ఆరిపోయాక కూడా లోపల పేరుకున్న ఉప్పు పొర ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య దారి అవుతుంది. ఫ్లోరిడాలో 2022 సెప్టెంబరులో వచ్చిన ఇయన్ తుపాను తరవాత సముద్రపు నీట మునిగిన విద్యుత్ వాహనాలు కొన్ని, నీళ్ళు తీసిన తరవాతి రోజుల్లో, నిలబెట్టిన చోటే అంటుకున్నాయి. 2012లో శాండీ తుపానుకు న్యూజెర్సీలోని న్యూఆర్క్ రేవులో ఫిస్కర్ కర్మా కార్లు పదహారు కాలిపోయాయి. ఉప్పునీరు ఒక కారులోని పన్నెండు వోల్టుల కంట్రోల్ యూనిట్లోకి చేరి షార్టు కావడమే దానికి కారణమని ఆ కంపెనీ చెప్పింది. అంటే పెద్ద బ్యాటరీ క్షేమంగా ఉన్నా చిన్న బ్యాటరీ వల్ల కూడా నిప్పు పుట్టవచ్చు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వారికి, ఉప్పెన వస్తే ఇళ్ళ ముందు నిలిపిన వాహనాల గతి ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. అటువంటప్పుడు ఒకేసారి పదుల కొద్దీ బండ్లు వస్తే ఈ యార్డులో ఉన్న ఈ కొద్ది గదులూ చాలవు. ఆ మాట యజమానితో అంటే ఆయన కాదనలేదు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది స్కూటర్ల షెడ్డు. మన డెల్టాలో విద్యుత్ వాహనమంటే ముప్పాతిక మువ్వీసం స్కూటరో ఈ-ఆటోనో తప్ప కారు కాదు. అయినా గుద్దుకున్న స్కూటర్ల నుంచి విప్పిన బ్యాటరీలను ఈ యార్డులో రేకుల షెడ్డులో, ఇనుప అలమర అరల్లో, ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టారు. ఒకదాని పెట్టె ఒక మూల నొక్కుకుపోయి, కేబుల్ కొసలకు టేపు కూడా చుట్టకుండా ఉంది. కారు ప్యాక్‌కు ఇచ్చిన గోడా లేదు, దూరమూ లేదు, అట్టా లేదు. వోల్టేజి యాభై దగ్గరే కదా అన్నది ఆ షెడ్డు చూసే కుర్రాడి జవాబు. షాకు విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే గాని నిప్పుకు వోల్టేజితో పని లేదు, లోపల ఉన్న శక్తితోనే పని. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక హోటలు కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో నిప్పు పుట్టి, పైనున్న గదుల్లోకి పొగ వ్యాపించి ఎనిమిది మంది మరణించారు. ఆ దుర్ఘటనల తరవాత ద్విచక్ర వాహనాల బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కట్టుదిట్టం చేసి 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేశారు. అంతకు ముందు అమ్మిన బండ్లు మన ఊళ్ళలో ఇంకా తిరుగుతున్నాయి, గుద్దుకున్నప్పుడు ఈ షెడ్డుకే వస్తున్నాయి. రాత్రిపూట ఆ షెడ్డు పక్క గదిలోనే కాపలా మనిషి పడుకుంటాడు. ఇది తెలిసీ ఊరుకోవడం నా వల్ల కాక యజమానికి నోటితో చెప్పాను, తరవాత రాసి కూడా ఇచ్చాను.

రెండోది మంటలార్పిన నీళ్ళ సంగతి. కారు ప్యాక్ అంటుకుంటే దాన్ని చల్లార్చడానికి పదకొండు వేల లీటర్లకు పైగా నీళ్ళు కావాలని టెస్లా తన కార్ల విషయంలో అగ్నిమాపక సిబ్బందికి చెబుతోంది. మన ఫైరింజను ఒకటి మోసేది సాధారణంగా నాలుగున్నర, ఐదు వేల లీటర్లు. పొడి చల్లే సిలిండర్లు పైమంటను అణచినా సెల్లులను చల్లబరచలేవు, ఇసుకా అంతే. యార్డు వారు ఈ లెక్క తెలిసి ఒక బోరు, పక్క బోదెలోంచి తోడే ఆయిల్ ఇంజను సిద్ధంగా పెట్టుకున్నారు, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పనికివచ్చేలా ఒక తొట్టి కూడా ఉంది. కాని పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది ఆలోచించలేదు. ఫ్లోరైడూ లోహాలూ కలిసిన ఆ నీళ్ళు గదుల వాలు వెంట నేరుగా అదే బోదెలోకి దిగుతాయి. బోదె కింద చేలున్నాయి, పశువులు దిగే రేవు ఉంది. మన ఊళ్ళ మంచినీటి చెరువులు నిండేది కాలువలతోనే అయినప్పుడు, గదుల ముందు ఒక గట్టు, ఒక సంపు లేకపోవడం చిన్న లోపం కాదు.

బిల్లులో తరలింపు, నిలవ, పరీక్ష అని మూడు మొత్తాలు రాశారు తప్ప రోజుకు ఎంత, ఏ పరీక్షకు ఎంత అన్న వివరం లేదు. అడిగాక ఇచ్చారు. బీమా సర్వేయరు నిలవ ఖర్చు ఎందుకని అడిగినప్పుడు మాకు పనికివచ్చినది గోడకు వేలాడిన ఆ అట్టే గనుక, దాని నకలును బిల్లుతో పాటే ఇవ్వడం మంచిది.

కారు నమూనాల వారీగా ప్లగ్గు ఎక్కడుందో, ఎక్కడ కోయకూడదో చూపించే బొమ్మల కాగితాలు పెద్దాయన దగ్గర ప్లాస్టిక్ తొడుగుల్లో ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులోనే. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2020లో తెచ్చిన యూరో రెస్క్యూ అనే ఉచిత యాప్‌లో ఇటువంటి కాగితాలు పలు భాషల్లో, ఫోనుకు సిగ్నలు లేకపోయినా తెరుచుకునేలా ఉంటాయి. లంక గ్రామాల్లో సిగ్నలు సంగతి తెలిసినవారికి ఆ సదుపాయం విలువ బోధపడుతుంది. ఇక్కడి కుర్రాళ్ళు, కాపలా మనిషి చదువుకోవడానికి కనీసం పది వాక్యాలు తెలుగులో రాసి గోడకు అంటించమని అడిగాను. తెల్లటి ఆవిరి కనిపించినా, చిటపట వినిపించినా దగ్గరికి వెళ్ళకుండా గాలికి ఎదురుగా దూరం జరిగి 101కి ఫోను చేసి "విద్యుత్ కారు బ్యాటరీ" అన్న మాట ముందుగా చెప్పాలని ఆ కాపలా మనిషికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పినప్పుడు, "ఆయ్, ఇప్పుడు తెలిసిందండి" అన్నాడు.

కారు దెబ్బతింటే ఈ యార్డును పిలవమని తెలిసినవారికి నేను చెబుతున్నాను, కారు వరకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. స్కూటరు బ్యాటరీ దెబ్బతిన్నవారికి మాత్రం ప్రస్తుతానికి అక్కడ వదలవద్దనీ, ఇంట్లోకి తేకుండా, చార్జింగు పెట్టకుండా, గోడలకూ గడ్డిమేటుకూ దూరంగా ఆరుబయట నేల మీద ఉంచి, అమ్మిన కంపెనీ సర్వీసు వారిని పిలిపించి అప్పగించమనీ చెబుతున్నాను. వేసవిలో కాలువలు కట్టినప్పుడు సంపు తవ్విస్తానని యజమాని మాట ఇచ్చారు. షెడ్డులోని అలమరలు తీసి బ్యాటరీలను ఒక్కొక్కటిగా విడదీసి పెట్టడానికి మాత్రం ఆయన ఇంకా గడువు చెప్పలేదు. చెప్పి, చేసిన రోజున వెళ్ళి చూసి, స్కూటర్ల మార్కులు కూడా ఇక్కడే రాస్తాను.